ఆల్డర్లీ స్టాన్లీ ప్రభువులు: ఒక బిరుదు, అనేక విశ్వాసాలు

బ్రిటిష్ ప్రభువుల సభలో సభ్యుడైన తొలి ముస్లిం ఎవరన్న ప్రశ్నకు చరిత్రకారులు సాధారణంగా చెప్పే పేరు హెన్రీ ఎడ్వర్డ్ జాన్ స్టాన్లీ (1827–1903). 'ఆల్డర్లీ స్టాన్లీ బ్యారన్' అనే వంశపారంపర్య బిరుదును ధరించిన వారిలో ఆయన మూడవవారు. ముస్లిం రచనల్లో ఆయన ప్రస్తావన తరచు రెండు మూడు వాక్యాలతో ముగిసిపోతుంది: ఒక ఆంగ్ల ప్రభువు ఇస్లాం స్వీకరించారు, తన ఎస్టేటులో మద్యశాలలు మూయించారు, మరణించాక ముస్లింగా ఖననమయ్యారు. ఈ వాక్యాలు అబద్ధాలు కావు. అయితే వాటిలో ముస్లిం పాఠకుణ్ణి సంతోషపెట్టేది ఆ వ్యక్తి విశ్వాసమా, లేక ఆయన పేరు ముందున్న 'లార్డ్' అనే మాటా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. దీనికి జవాబు కావాలంటే ఆయన ఒక్కరి కథ చాలదు. ఆ బిరుదు ఎలా పుట్టింది, ఎవరెవరి చేతుల మీదుగా నడిచింది, అది ఏమి ఇవ్వగలిగింది, ఏమి ఇవ్వలేకపోయింది అన్నది చూడాలి.

బిరుదు పుట్టుక

స్టాన్లీలు ఇంగ్లండులోని ప్రాచీన ప్రభు వంశాలలో ఒకరు. ఈ వంశపు పెద్ద శాఖ వారు డెర్బీ ఎర్ల్‌లు. 1858లో ఈస్టిండియా కంపెనీ పాలన రద్దయి భారతదేశం బ్రిటిష్ రాణి పాలన కిందికి వచ్చినప్పుడు తొలి భారత వ్యవహారాల మంత్రిగా పనిచేసిన లార్డ్ స్టాన్లీ ఆ పెద్ద శాఖకు చెందినవారు. ఆయనే తర్వాత 15వ డెర్బీ ఎర్ల్ అయ్యారు. పేర్లు ఒకటే కావడం వల్ల ఆయననూ, ఈ వ్యాసంలో చెప్పుకుంటున్న స్టాన్లీనీ ఒకరుగా భ్రమపడే అవకాశం ఉంది. ఇద్దరూ వేరు.

చెషైర్ జిల్లాలోని ఆల్డర్లీలో స్థిరపడిన చిన్న శాఖకు 1660లో 'బ్యారనెట్' హోదా లభించింది. బ్యారనెట్ వంశపారంపర్య గౌరవమే కాని దానివల్ల ప్రభువుల సభలో స్థానం రాదు. ఆ స్థానం ఈ కుటుంబానికి 1839 మే 9న వచ్చింది. ఏడవ బ్యారనెట్ అయిన సర్ జాన్ థామస్ స్టాన్లీ (1766–1850) ఆనాడు ఆల్డర్లీ స్టాన్లీ బ్యారన్‌గా నియమితులయ్యారు. ఆయన యౌవనంలో, 1789లో, ఐస్‌లాండ్ ద్వీపానికి ఒక పరిశోధక యాత్ర నడిపినవారు. ఆయన భార్య మరియా జోసెఫా, షెఫీల్డ్ ఎర్ల్ కుమార్తె. ఆ ఎర్ల్ చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్‌కు ఆప్తమిత్రుడు.

ఈ కుటుంబానికి ఆంగ్లికన్ చర్చితో ఉన్న బంధం చిన్నది కాదు. మొదటి బ్యారన్ తమ్ముడు ఎడ్వర్డ్ స్టాన్లీ నార్విచ్ నగరానికి బిషప్‌గా ఉన్నారు. ఆ బిషప్ కుమారుడు ఆర్థర్ పెన్రిన్ స్టాన్లీ, ఇంగ్లండు రాజుల పట్టాభిషేకాలు జరిగే వెస్ట్‌మినిస్టర్ ఆబీకి 1864 నుండి 1881 వరకు డీన్‌గా, అనగా ప్రధాన పురోహితుడిగా, పనిచేశారు. మూడవ బ్యారన్ ముస్లింగా ప్రభువుల సభలో అడుగుపెట్టిన రోజుల్లో ఆ సభకు కూతవేటు దూరంలోని ఆబీ ఆయన తండ్రి పినతండ్రి కుమారుడి అధీనంలో ఉండేది.

ఇక్కడ ఆంగ్ల వారసత్వ నియమాన్ని కొంత వివరించడం అవసరం. ఇలాంటి బిరుదు సాధారణంగా చట్టబద్ధ సంతానమైన జ్యేష్ఠ కుమారునికి చెందుతుంది. కుమారులు లేకపోతే తమ్మునికి, అతని కుమారులకు పోతుంది. బిరుదు ఒక కాలంలో ఒకరిదే. మిగిలిన సోదరులు చట్టం దృష్టిలో సామాన్య ప్రజలే. కుమార్తెలకు సాధారణంగా హక్కు లేదు. బిరుదుతోపాటు భూములు కూడా చీలిపోకుండా ఒక్కరి చేతికే అందేలా ప్రభు కుటుంబాలు దస్తావేజులు రాయించుకునేవి. దివ్య ఖుర్‌ఆన్‌లోని 'నిసా' సూరా నిర్ణయించిన వారసత్వ విధానం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ కుమారులకూ కుమార్తెలకూ, తల్లికీ తండ్రికీ, భార్యకూ భర్తకూ నిర్ణీత భాగాలున్నాయి. జ్యేష్ఠునికి ప్రత్యేక హక్కు లేదు. ఒక విధానం సంపదను పంచుతుంది, మరొకటి పోగుచేసి నిలుపుతుంది. ఆంగ్ల ప్రభువర్గం శతాబ్దాల తరబడి నిలవడానికి ఈ రెండవ విధానం ఒక ముఖ్య కారణం.

మతం అడగని ప్రమాణం

రెండవ బ్యారన్ ఎడ్వర్డ్ జాన్ స్టాన్లీ (1802–1869) విగ్ పక్షపు రాజకీయవేత్త. 1855 నుండి 1858 వరకు వర్తక మండలి అధ్యక్షులుగా, 1860 నుండి 1866 వరకు పోస్టుమాస్టర్ జనరల్‌గా పనిచేశారు. ఆయన భార్య హెన్రియెట్టా, స్త్రీల ఉన్నత విద్యకై కేంబ్రిడ్జిలో వెలసిన గిర్టన్ కళాశాల వ్యవస్థాపకులలో ఒకరు. 1869 జూన్‌లో రెండవ బ్యారన్ మరణించగా పెద్దకుమారుడు హెన్రీకి బిరుదు సంక్రమించింది.

వారసుడు ముస్లిం. అయినా ఆయన సభలో కూర్చోవడానికి ఏ అడ్డంకీ రాలేదు. ఇది పది పన్నెండేళ్లు ముందు జరిగి ఉంటే సాధ్యమయ్యేది కాదు. పూర్వం పార్లమెంటు సభ్యులు చేయవలసిన ప్రమాణంలో, నిజ క్రైస్తవ విశ్వాసం సాక్షిగా ప్రమాణం చేస్తున్నామనే అర్థం గల మాటలుండేవి. కాథలిక్కులకు 1829లో పార్లమెంటు ద్వారాలు తెరుచుకున్నా, ఈ మాటల కారణంగా యూదులకు తెరుచుకోలేదు. లయొనెల్ రోత్‌షీల్డ్ 1847లోనే కామన్స్ సభకు ఎన్నికైనా, తన స్థానంలో కూర్చోవడానికి 1858 వరకు వేచి ఉండవలసి వచ్చింది. 1866లో వచ్చిన ప్రమాణాల చట్టం ఉభయ సభలకు ఒకే ప్రమాణాన్ని నిర్ణయించి, అందులో క్రైస్తవ ప్రస్తావనను తొలగించింది. మిగిలినది దైవ సాక్ష్యం ఒక్కటే. దైవం పేరిట రాజ్యానికి విధేయత ప్రకటించడానికి ఒక ముస్లింకు అభ్యంతరం ఉండనవసరం లేదు.

ఆ విధంగా యూదుల కోసం సాగిన సుదీర్ఘ పోరాటం ఫలితాన్ని, ఎవరూ ఊహించని రీతిలో, ఒక ముస్లిం అనుభవించారు. ఇంకొక విశేషమేమంటే ప్రభువుల సభలో తొలి యూదు సభ్యుడు నాథన్ రోత్‌షీల్డ్ 1885లో గాని ప్రవేశించలేదు. అంటే స్టాన్లీ ఆయనకంటే పదహారేళ్లు ముందే అక్కడ ఉన్నారు. నాస్తికుల మాట వేరు. దైవం పేరిట ప్రమాణం వద్దన్న చార్లెస్ బ్రాడ్లా 1880లో ఎన్నికైనా 1886 వరకు నిలకడగా స్థానం పొందలేకపోయారు. ఆ చిక్కు 1888 చట్టంతో గాని తీరలేదు.

రోత్‌షీల్డ్, బ్రాడ్లా ఓటర్ల మద్దతుతో వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. స్టాన్లీని ఎవరూ ఎన్నుకోలేదు. తండ్రి మరణమే ఆయనకు ద్వారం తెరిచింది. ఒక ముస్లింను తమ ప్రతినిధిగా ఎన్నుకునే స్థితిలో నాటి ఆంగ్ల సమాజం ఉందని దీనివల్ల అనుకోరాదు.

మూడవ బ్యారన్

హెన్రీ స్టాన్లీ 1827 జూలై 11న జన్మించారు. ఈటన్‌లోనూ, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోనూ చదివారు. తూర్పుదేశాల భాషలపై, ముఖ్యంగా అరబ్బీపై, ఆయనకు చిన్నతనం నుండే ఆసక్తి. 1847లో విదేశాంగ శాఖలో చేరి, 1851 నుండి కాన్‌స్టాంటినోపుల్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలోనూ, 1854 నుండి ఏథెన్స్‌లోనూ పనిచేశారు. 1859 ప్రాంతంలో ఉద్యోగం వదలి తూర్పుదేశాలలో పర్యటించారు. ఇస్లాం స్వీకరించినది ఆ కాలంలోనే. అబ్దుర్రహ్మాన్ అనే పేరుతో ముస్లింలలో పరిచితులయ్యారు.

వార్త ఇంగ్లండు చేరినప్పుడు కుటుంబంలో కలవరం రేగింది. కుటుంబ సభ్యులు పరస్పరం రాసుకున్న ఉత్తరాలు భద్రంగా ఉండిపోయాయి. వారి వంశానికే చెందిన నవలా రచయిత్రి నాన్సీ మిట్‌ఫర్డ్ వాటిని సంకలనం చేసి 1938, 1939లలో రెండు సంపుటాలుగా ప్రచురించారు. వాటిలో హెన్రీ ఒక వింత మనిషిగా, ఇంటివారికి అర్థంకాని పెద్దకొడుకుగా కనిపిస్తారు. ఆయనకు చెవుడు కూడా ఉండేది. 1862లో స్పెయిన్ దేశస్థురాలు ఫేబియాను వివాహమాడారు. వారికి సంతానం లేదు.

ప్రభువుల సభలో ఆయన భారతదేశ వ్యవహారాలను, మలయా రాజ్యాల వ్యవహారాలను తరచు ప్రస్తావించేవారు. పాలితులైన ప్రజల పక్షాన, స్వదేశీ పాలకుల పక్షాన మాట్లాడేవారు. చెవుడు ఆయనను గొప్ప వక్తను కానివ్వలేదు. సభ ఆయన మాటలకు పెద్దగా చెవి ఒగ్గలేదు. ఆయన శాశ్వతమైన కృషి చేసినది సభలో కాదు, గ్రంథాలయంలో.

అనువాదకుడిగా

ప్రాచీన యాత్రాగ్రంథాలను ప్రచురించే హక్లూయిట్ సొసైటీ కోసం స్టాన్లీ స్పానిష్, పోర్చుగీసు భాషల నుండి అనేక గ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చారు. 1868లో మోర్గా రాసిన ఫిలిప్పీన్ దీవుల వృత్తాంతం, 1869లో గాస్పర్ కొరేయా గ్రంథం నుండి వాస్కోడగామా మూడు యాత్రలు, 1874లో మెజెలాన్ యాత్ర, 1881లో ఆల్వారెజ్ రాసిన అబిసీనియా దౌత్య వృత్తాంతం వెలువడ్డాయి. వీటన్నిటిలో తెలుగువారికి అతి సన్నిహితమైనది 1866లో వచ్చిన దువార్తే బార్బోసా గ్రంథం.

బార్బోసా పోర్చుగీసు ఉద్యోగిగా కన్ననూరులో పనిచేసి మలయాళం నేర్చినవాడు. సుమారు 1516లో ముగిసిన తన వృత్తాంతంలో తూర్పు ఆఫ్రికా మొదలుకొని మలబారు, విజయనగరం, ఆపై దేశాల ప్రజలను, వర్తకాన్ని వర్ణించాడు. అప్పుడు విజయనగర సింహాసనం మీద ఉన్నది శ్రీకృష్ణదేవరాయలు. ఎవరైనా వచ్చి, తమ మతధర్మం ప్రకారం నివసించి, వెళ్లే స్వేచ్ఛను రాయలు ఇచ్చాడనీ, నీవు క్రైస్తవుడివా, యూదుడివా, ముస్లింవా, హిందువువా అని అడిగేవారు లేరనీ బార్బోసా వర్ణన. విజయనగర చరిత్ర రాసేవారు పదేపదే ఉదహరించే సాక్ష్యం ఇది. బార్సెలోనా గ్రంథాలయంలోని ఒక స్పానిష్ రాతప్రతి నుండి ఈ వృత్తాంతాన్ని స్టాన్లీ అనువదించారు. పోర్చుగీసు మూలం నుండి డేమ్స్ చేసిన మరింత సమగ్రమైన అనువాదం 1918–1921 మధ్య వచ్చేవరకు, అర్ధశతాబ్దం పాటు ఇంగ్లీషు చదివేవారికి ఆధారం స్టాన్లీ గ్రంథమే.

ఆయన ఎంచుకున్న పుస్తకాలను వరుసగా పెట్టి చూస్తే ఒక విషయం తోస్తుంది. అవన్నీ ఐరోపావారు తూర్పు సముద్రాలలో తొలిసారి అడుగుపెట్టిన కాలానివి. వాటిలోని సంపన్న రేవులు, నౌకలు, వర్తకులు చాలావరకు ముస్లింలవి. కొరేయా గ్రంథం వాస్కోడగామా సాహసాన్ని కీర్తిస్తూనే 1502లో కాలికట్ తీరాన బందీల పట్ల అతడు చూపిన అమానుష క్రూరత్వాన్ని దాచదు. సభలో వినిపించని గొంతు, మూల గ్రంథాల సాక్ష్యం ద్వారా తన మాట చెప్పింది. స్వయంగా వ్యాఖ్యానించడం కంటే ప్రత్యక్షసాక్షిని మాట్లాడనివ్వడం అనువాదకుడి మార్గం.

రెండు వివాదాంశాలు

స్టాన్లీ జీవితంలో రెండు విషయాలు జాగ్రత్తగా పరిశీలించదగినవి.

మొదటిది, మద్యశాలల మూసివేత. ఆల్డర్లీలో ఆయన తన భూములలోని మద్యశాలలను మూయించిన సంగతిని ఇస్లామీయ శాసన పాలనకు దృష్టాంతంగా చెబుతుంటారు. విశ్వాసం ఇందుకు ప్రేరణ కావడం సహజమే. అయితే ఆయన చెల్లెలు రోజలిండ్, కార్లైల్ ప్రభువు భార్య, మద్యనిషేధోద్యమంలో ఆయనకంటే ప్రసిద్ధురాలు. ఆమె ముస్లిం కాదు. 1903 నుండి బ్రిటిష్ మహిళల మద్యనిషేధ సంఘానికి అధ్యక్షురాలుగా ఉన్నారు. తమ ఎస్టేటులలో మద్యశాలలు లేకుండా చేశారు. కనుక ఒకే ఇంట, ఒకే కాలంలో, ఒకే పనిని ఇద్దరు వేర్వేరు కారణాలతో చేశారు. పనిని మాత్రమే చూసి విశ్వాసాన్ని నిర్ధారించడం చరిత్రకారునికి తగదు.

రెండవది, చర్చిల పునరుద్ధరణ. 1884లో పినతండ్రి విలియం ఓవెన్ స్టాన్లీ మరణంతో వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపంలో ఉన్న పెన్రోస్ ఎస్టేటు హెన్రీకి వచ్చింది. ఆ ద్వీపపు ఉత్తర తీరాన ఉన్న లాన్‌బాడ్రిగ్ చర్చి శిథిలావస్థలో ఉండగా, ఆయన తన ధనంతో దానిని బాగుచేయించారు. లోపల నీలిరంగు పలకలు, రేఖాగణిత ఆకృతుల గాజు కిటికీలు అమర్చారు. మనుషుల బొమ్మలకు బదులు రేఖలు, వర్ణాలు గల ఆ అలంకరణ మస్జిదులను తలపిస్తుంది. 1985లో అగ్నిప్రమాదం జరిగినా చర్చి తిరిగి బాగుపడింది.

ఒక ముస్లిం చర్చిని ఎందుకు బాగుచేయించాలి? ఆయన విశ్వాసం బలహీనమైనదని కొందరు, చర్చిని రహస్యంగా మస్జిదు చేశారని మరికొందరు దీనికి అర్థం చెప్పవచ్చు. రెండింటికీ ఆధారం లేదు. ఆంగ్ల భూస్వామ్య వ్యవస్థలో గ్రామ చర్చి పోషణ భూస్వామి బాధ్యతలలో ఒకటిగా ఉండేది. బిరుదుతోపాటు, భూమితోపాటు ఆ కర్తవ్యమూ వచ్చింది. కౌలుదారులు క్రైస్తవులు, వారి ప్రార్థనాస్థలం కూలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం న్యాయం కాదని ఆయన భావించి ఉండవచ్చు. చేసిన పని మాత్రం స్పష్టం: వారి ఆరాధనను వారికే ఉంచి, గోడలను నిలబెట్టారు.

ఆయన 1903 డిసెంబర్ 11న కన్నుమూశారు. అది హిజ్రీ 1321 రమజాన్ నెల. ఆల్డర్లీ పార్కులోనే, చర్చి శ్మశానానికి వెలుపల, ఇస్లామీయ పద్ధతిలో ఖననం జరిగింది. లండన్‌లోని తుర్కీ రాయబార కార్యాలయపు ఇమాం జనాజా నమాజు చేయించారు. లివర్‌పూల్ మస్జిదులో షేక్ అబ్దుల్లా క్విలియం ఆధ్వర్యాన గాయిబానా జనాజా నమాజు జరిగింది. ఇంగ్లండులో నలభై ఏళ్లకు పైగా దాదాపు ఏకాకిగా గడిపిన ఒక విశ్వాసికి ఒక జమాఅత్ తోడు లభించినది మరణానంతరం.

బిరుదు సాగిన దారి

సంతానం లేనందున బిరుదు తమ్ముడు ఎడ్వర్డ్ లయల్ఫ్ స్టాన్లీకి (1839–1925) చెందింది. ఆయన మతవిశ్వాసం లేనివారు. లండన్ స్కూల్ బోర్డులో దీర్ఘకాలం పనిచేసి, మతసంస్థల ప్రమేయం లేని ప్రజాపాఠశాలల కోసం పోరాడారు. 1909లో నాయనమ్మ వైపు నుండి షెఫీల్డ్ బ్యారన్ బిరుదు కూడా ఆయనకు దక్కింది. మరొక తమ్ముడు ఆల్గర్‌నన్ మొదట ఆంగ్లికన్ పురోహితుడు. తర్వాత రోమన్ కాథలిక్ అయి బిషప్ పదవి పొందారు. సోదరి కేథరిన్ స్వేచ్ఛాభావాలు గలది. తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ ఆమె కుమారుడే. అమ్మమ్మ హెన్రియెట్టా ఇంట ఒకే భోజనాల బల్ల చుట్టూ ముస్లిం, కాథలిక్, స్వేచ్ఛాలోచనాపరుడు అయిన మేనమామలు చేరి వాదులాడుకోవడాన్ని రస్సెల్ తన ఆత్మకథలో జ్ఞాపకం చేసుకున్నారు.

తర్వాతి తరంలో నాల్గవ బ్యారన్ కుమార్తె వెనీషియా 1915లో యూదుమతం స్వీకరించి ఎడ్విన్ మాంటేగును వివాహమాడారు. 1917 నుండి 1922 వరకు భారత వ్యవహారాల మంత్రిగా ఉండి, మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలకు తన పేరు ఇచ్చినది ఈయనే. తుర్కీపై రుద్దిన సెవ్ర్ ఒడంబడికను సవరించాలని భారత ప్రభుత్వం పంపిన తంతిని మంత్రివర్గం అనుమతి లేకుండా ప్రచురింపజేసి, 1922 మార్చిలో ఆయన పదవి కోల్పోయారు. ఖిలాఫత్ ఉద్యమ కాలంలో భారత ముస్లింల ఆవేదనను లండన్ మంత్రివర్గంలో వినిపించినవాడు యూదుడు కావడం గమనార్హం.

అయిదవ బ్యారన్ ఆర్థర్ ఆస్ట్రేలియాలోని విక్టోరియాకు 1914 నుండి 1920 వరకు గవర్నర్. ఆరవ బ్యారన్ కాలంలో సంపద కరిగింది. 1938లో ఆల్డర్లీ పార్కు అమ్ముడుపోయింది. 1950లో ఐ.సి.ఐ. సంస్థ దానిని కొని ఔషధ పరిశోధనా కేంద్రం నెలకొల్పింది. ఆరవ బ్యారన్ 1971 మార్చిలో మరణించగా, ఏడవ బ్యారన్ అదే జూన్‌లో పోయారు. బిరుదు దాయాది అయిన థామస్ స్టాన్లీకి చెందింది. ఆంగ్లసీలో వ్యవసాయం చేసిన ఆ ఎనిమిదవ బ్యారన్ 2013లో మరణించారు. 1999 చట్టం వంశపారంపర్య ప్రభువులలో అత్యధికుల సభా స్థానాలను తొలగించింది. 1869లో ఒక ముస్లిం కోసం తనంతట తెరుచుకున్న ద్వారం ఆ విధంగా మూసుకుంది.

ముగింపు

స్టాన్లీ తర్వాత మరొక ప్రభువు పేరు భారత ముస్లింలలో బాగా వినిపించింది. ఐర్లండు ప్రభువర్గానికి చెందిన అయిదవ హెడ్లీ బ్యారన్ 1913లో బిరుదు పొంది, ఆ ఏడే ఇస్లాం స్వీకారాన్ని ప్రకటించారు. లండన్‌లో మస్జిదు నిర్మించాలన్న ఆయన ప్రయత్నానికి హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అరవై వేల పౌనులు విరాళమిచ్చారు. 'లార్డ్' అన్న పేరు ధర్మసేవకు అక్కరకు వచ్చిన సందర్భమిది. ఆ హెడ్లీ బిరుదు వారసులు లేక 1994లో అంతరించింది. మూడవ స్టాన్లీ ప్రభువు బిరుదు మాత్రం ఆయన తర్వాత ఆరుగురి చేతులు మారి నిలిచే ఉంది. వారిలో ఆయన విశ్వాసాన్ని అందుకున్నవారు లేరు.

బిరుదు అడగకుండానే వచ్చింది. అది నాస్తికునికీ, ముస్లింకూ ఒకే విధంగా చెందింది. ఎవరి అర్హతనూ పరీక్షించలేదు. విశ్వాసం అలా రాలేదు. హెన్రీ దాన్ని తండ్రి నుండి పొందలేదు, తమ్మునికి అప్పగించలేనూ లేదు. మానవులను జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం గుర్తించుకోవడానికేననీ, దైవం వద్ద గౌరవం దైవభీతిని బట్టి ఉంటుందనీ 'హుజురాత్' సూరా బోధిస్తుంది. ఆ కొలమానంతో చూస్తే స్టాన్లీ గౌరవనీయుడైనది ప్రభువుగా పుట్టినందుకు కాదు. ఇంటివారి కలవరాన్నీ ఒంటరితనాన్నీ సహించి, నమ్మినదానిపై చివరివరకూ నిలబడినందుకు, ఇతరుల ఆరాధనను గౌరవించినందుకు, పరభాషల సాక్ష్యాన్ని తన భాషలోకి తెచ్చినందుకు. ముస్లిం పాఠకులు ఆయన నుండి తీసుకోదగినవి ఇవే. వీటికి వారసుడు కావడానికి జ్యేష్ఠపుత్రుడై ఉండనక్కరలేదు.